ఆటిజం ఉన్న చిన్నారితో ఇంట్లో ఎలా ఆడాలి: ఈ రోజే మొదలుపెట్టగల పద్ధతి

ఏడాదిన్నర, రెండేళ్ళ బిడ్డ పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదు. ఏదైనా కావాలంటే వేలితో చూపించకుండా మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తున్నాడు. కారు బొమ్మ ఇస్తే నడపడు, తిరగేసి చక్రం తిప్పుకుంటూ కూర్చుంటాడు. నేర్చుకున్న నాలుగు మాటలు కూడా ఈమధ్య వినపడటం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళేమో "మగపిల్లలకు మాటలు లేటే, వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళకు గానీ మాట్లాడలేదు" అంటున్నారు. పక్కింటావిడ వస పొయ్యమంది. మీకు మాత్రం రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఫోన్‌లో వీడియోలు చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

ఇవి ఆటిజం సూచనలు కావచ్చు, అంటే మెదడు ఎదుగుదలలో తేడా వల్ల మాట్లాడటం, మనుషులతో కలవడం, ఆడటం వేరుగా ఉండటం. మీలాంటి అమ్మానాన్నల కోసం, ఇంట్లో బిడ్డను చూసుకునే అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యల కోసం ఇది రాస్తున్నాను. చిన్నపిల్లలతో పనిచేస్తూ నాకు అర్థమైన విషయం ఒకటే. ఆటిజం ఉన్న బిడ్డను మన ఆటలోకి లాగాలని చూస్తే వాడు దూరం జరుగుతాడు. ముందు వాడి ఆటలోకి మనం వెళ్ళాలి. మన కంటికి అది వింతగా కనిపించినా సరే. అక్కడ మనం అలవాటయ్యాకే వాడు మన వైపు తిరుగుతాడు. కింద చెప్పే పనులన్నీ దీన్ని ఆధారం చేసుకున్నవే.

బాబు అని రాసిన చోటల్లా పాప అని కూడా అనుకోండి. ఆడపిల్లల్లో ఆటిజాన్ని "సిగ్గు ఎక్కువ, నెమ్మదస్తురాలు" అని పక్కన పెట్టేయడం చాలా ఎక్కువ.

ముందు చెవులు చూపించండి, కానీ రిపోర్టు కోసం ఆట ఆపకండి

పేరుకు పలకని బిడ్డకు మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. "టీవీలో యాడ్ వస్తే పరిగెత్తుకొస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి" అని దీన్ని దాటేయకండి. కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని లోపం కూడా ఉంటుంది. ఓఏఈ, బేరా అనే పరీక్షలు ఉన్నాయి. చిన్నపిల్లలకు బేరా సాధారణంగా నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పి ఏమీ ఉండదు.

తర్వాత పిల్లల డాక్టర్‌ను, వీలైతే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్‌ను (పిల్లల ఎదుగుదల నిపుణుడిని) కలవండి. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రం నింపిస్తారు. అందులో ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన ఆటిజం అని తేలినట్టు కాదు, పూర్తి పరీక్ష అవసరమని మాత్రమే. ప్రభుత్వం వైపు నుంచి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్స కేంద్రాలున్నాయి, డీఈఐసీ అంటారు. అంగన్‌వాడీ టీచర్‌ని గానీ ఆశా కార్యకర్తని గానీ అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే జాతీయ సంస్థ. ఎన్ఐఎంహెచ్ అనే పాత పేరుతో అడిగినా ఆటోవాళ్ళు తీసుకెళ్తారు. నెల్లూరు చుట్టుపక్కల వాళ్ళకు అక్కడి సీఆర్‌సీ (వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే కేంద్రం) దగ్గర.

అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు, కొన్నిచోట్ల నెలలు పట్టవచ్చు. ఆ రోజులు ఖాళీగా పోనివ్వకండి. కింద చెప్పే ఆటలకు డాక్టర్ చీటీ అక్కర్లేదు. రేపు ఆటిజం కాదని తేలినా బిడ్డకు వీటివల్ల నష్టం ఏమీ లేదు.

రెండు మూడు రోజులు ఊరికే గమనించండి

ఒక నోట్‌బుక్ తీసుకుని చిన్న చిన్న విషయాలు రాయండి. దేన్ని చూస్తే కళ్ళు మెరుస్తాయి? నీళ్ళా, తిరిగే ఫ్యానా, గలగలమనే గిన్నెలా? ఎత్తుకుని ఊపితే నవ్వుతాడా, బిగుసుకుపోతాడా? ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు? మిక్సీకా, కుక్కర్ విజిల్‌కా? తనంతట తాను మీ దగ్గరికి ఎప్పుడు వస్తాడు? ఏం రాదు అన్న లిస్టు మీ మనసులో ఇప్పటికే ఉంది, అది రాయకండి. ఏం ఇష్టం అన్నదే రాయండి. రేపటి ఆట సామానంతా అందులోంచే వస్తుంది.

చోటు, వేళ, సామాను

గది మూలన ఒక చాప చాలు. టీవీ పూర్తిగా ఆపేయండి, సౌండ్ తగ్గిస్తే సరిపోదు. మీ ఫోన్ పక్క గదిలో పెట్టండి. నిద్ర లేచి, కడుపు నిండిన వేళ చూసుకోండి. మొదట్లో పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. వాడు రెండు నిమిషాలే ఉంటే రెండు నిమిషాలే ఆడండి.

బొమ్మలన్నీ కుప్పగా పోస్తే వాడు దేనిలోనూ నిలవడు. మూడు నాలుగు మాత్రం బయట ఉంచి మిగతావి అటక మీద పెట్టేయండి, వారానికోసారి మార్చండి. వేలకు వేలు పోసి "ఆటిజం టాయ్స్" కొనక్కర్లేదు. స్టీలు గిన్నెలు, గరిటెలు, పాత చీర, దుప్పటి, సంతలో దొరికే సబ్బు నీళ్ళ బుడగల సీసా, బంతి, ఖాళీ అట్టపెట్టె ఉంటే బోలెడు ఆట. ఒకే రకం వస్తువులు రెండేసి ఉండేలా చూసుకోండి, ఒకటి వాడికి, ఒకటి మీకు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. పప్పు గింజలు, నాణేలు, బటన్ బ్యాటరీలు, పగిలిన బెలూన్ ముక్కలు మాత్రం దరిదాపుల్లో ఉండకూడదు. అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లలకు ఇవి ప్రాణాంతకం.

ఫోన్ గురించి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహా ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ వద్దు, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ వరకు రోజుకు గంటకు మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. కానీ "నువ్వు ఫోన్ ఇచ్చావు కాబట్టే వీడికి ఇలా అయింది" అని తల్లిని నిందించడం అన్యాయం. ఆటిజం బిడ్డ మెదడు ఎదుగుదలకు సంబంధించింది, అందులో జన్యువుల పాత్ర పెద్దది. టీకాల వల్ల కూడా రాదు. ఆ మాట పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ వైద్య పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. ఫోన్ తగ్గించమనేది మనుషులతో గడపాల్సిన సమయాన్ని అది తినేస్తుంది కాబట్టి.

ఎదురుగా, కింద కూర్చోండి

వాడు బోర్లా పడుకుని కారు చక్రం చూస్తుంటే మీరూ బోర్లా పడుకోండి, కారుకు అవతలి వైపు. వాడు తల ఎత్తితే మీ ముఖం కనిపించాలి. ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలంటే మీ వైపు తిప్పి కూర్చోబెట్టుకోండి. గడ్డం పట్టుకుని తల తిప్పి "నా కళ్ళలోకి చూడు" అనడం మాత్రం వద్దు. కొంతమంది పిల్లలకు కళ్ళలోకి చూడటం నిజంగా ఇబ్బందిగా ఉంటుంది. బలవంతం చేస్తే మీ ముఖమంటేనే భయం పట్టుకుంటుంది. చూడాలనిపించేంత సరదా ఆ ముఖంలో ఉండేలా చూసుకోవడమే మన పని.

వాడు చేసేదే మీరూ చేయండి

ఇది చదవడానికి తేలిక, చేయడానికి కష్టం. "బొమ్మతో అలా కాదు నాన్నా, ఇలా ఆడాలి" అని చెయ్యి పట్టి నేర్పించాలని మనసు లాగుతూనే ఉంటుంది.

ఒక ఇంట్లో రెండున్నరేళ్ళ బాబు వాటర్ బాటిల్ మూతలు గోడ వారన వరుసగా పేర్చేవాడు. వాళ్ళమ్మ ఆ వరుస తీసేసి రింగుల బొమ్మ ముందు పెట్టేది, వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. ఒకరోజు ఆమె కూడా గుప్పెడు మూతలు తెచ్చుకుని, వాడికి జానెడు దూరంలో తన వరుస తను పేర్చడం మొదలుపెట్టింది. ఏమీ మాట్లాడలేదు. వాడు నీలం మూత పెడితే తనూ నీలం మూత పెట్టింది. కాసేపటికి వాడి చెయ్యి ఆగింది. ఆమె వరుస వైపు చూశాడు, తర్వాత ఆమె చెయ్యి వైపు, తర్వాత ఒక్క క్షణం ముఖం వైపు. ఇంకో మూత పెట్టి ఈసారి కావాలనే ఆగాడు, అమ్మ పెడుతుందా లేదా అని. ఆమె పెట్టింది. వాడు కిలకిలా నవ్వాడు.

బయటివాళ్ళకు అందులో ఏమీ కనిపించదు. తను ఒకటి చేస్తే అవతలి మనిషి దానికి స్పందిస్తుందని ఆ బిడ్డకు అప్పుడే తెలిసింది. ఒకరి తర్వాత ఒకరు వంతు తీసుకోవడం కూడా అక్కడే మొదలైంది. మాటలు పుట్టేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోంచే.

రెండేసి వస్తువులు పెట్టుకోమన్నది ఇందుకే. వాడి చేతిలోది లాక్కోకుండా మీది మీరు ఆడుకోవచ్చు. వాడు గరిటెతో గిన్నె మీద కొడితే మీరూ కొట్టండి. గెంతితే గెంతండి. "ఊ ఊ" అంటే మీరూ అదే రాగంలో "ఊ ఊ" అనండి. కొన్ని రోజులు ఇంతే. పక్కన మీరు ఉండటాన్ని వాడు ఒప్పుకున్నాక, మీవైపు ఓరకంట చూడటం మొదలయ్యాక, చిన్న మార్పు తీసుకురండి. నాలుగో మూత నెత్తి మీద పెట్టుకుని "అబ్బా!" అని కింద పడేయండి. నవ్వితే మళ్ళీ చేయండి. కోపం వస్తే వదిలేసి పాత పద్ధతికి వచ్చేయండి.

ప్రశ్నలు ఆపండి, మాటలు తగ్గించండి

మన ఇళ్ళల్లో చిన్నపిల్లల్ని పలకరించడమంటే పరీక్ష పెట్టడమే. "ఇదేంటి? ఇదేం కలర్? కాకి ఎలా అరుస్తుంది? అంకుల్‌కి ఏబీసీడీ చెప్పు!" మాటలు వచ్చిన బిడ్డకు ఇది సరదా. మాట రాని బిడ్డకు రోజంతా ఓడిపోవడం. ఆట సమయంలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఉండి చూడండి, ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

ప్రశ్న బదులు, వాడు చూస్తున్న దానికి ఒక మాట ఇవ్వండి. బంతి దొర్లుతుంటే "బంతి!" గిన్నె పడితే "ధబ్!" నీళ్ళు పోస్తుంటే "పోసెయ్... పోసెయ్..." మాటలే లేని బిడ్డతో ఒక్కో మాట చాలు. ఒక్కో మాట అంటున్న బిడ్డతో రెండేసి మాటలు. వాడు "బుడగ" అంటే మీరు "పెద్ద బుడగ" లేదా "బుడగ పగిలింది" అనండి. "మళ్ళీ చెప్పు, సరిగ్గా చెప్పు" అనకండి.

మీరన్నదే తిరిగి అనే పిల్లలున్నారు. "నీళ్ళు కావాలా?" అంటే "నీళ్ళు కావాలా" అంటారు. చాలామంది తల్లులు దీనికి భయపడిపోతారు. భయం అక్కర్లేదు. ఆ బిడ్డ విన్నదాన్ని మొత్తంగా పట్టుకుని వాడుకుంటున్నాడు, తరచూ అడగడానికే వాడుతున్నాడు. అందుకే గ్లాసు అందిస్తూ వాడు అనవలసిన మాటనే మీరు అనండి, "నీళ్ళు కావాలి." రేపు వాడు తిరిగి అన్నప్పుడు అది సరైన మాటే అవుతుంది.

ఆటకు ఒక వరస పెట్టండి, మధ్యలో ఆగండి

బొమ్మలు లేని ఆటలే ఈ పిల్లలకు మొదట బాగా పట్టేవి. మన ఇళ్ళల్లో అవి కొల్లలు. దోబూచి, చక్కిలిగిలి, ఏనుగు ఆట, దుప్పటి ఉయ్యాల, ఉప్పు మూట. ఉప్పు మూటనే తీసుకుందాం.

దీనికి ఇద్దరు పెద్దవాళ్ళుంటే బాగుంటుంది. బిడ్డ వీపు మీద ఉంటే మోసేవాళ్ళకు వాడి ముఖం కనిపించదు కదా, అందుకే ఎదురుగా కొనేవాళ్ళు ఒకరు కావాలి. తాతయ్యో అక్కో సరిపోతారు. మొదట మీరు గొంతుక్కూర్చుని వీపు తట్టి చూపిస్తూ "ఉప్పు మూట!" అనండి. ప్రతిసారీ అదే సైగ, అదే మాట. ఎక్కించుకుని "ఉప్పోయ్ ఉప్పు" అంటూ నాలుగు అడుగులు వేసి తాతయ్య ముందు ఆగండి. తాతయ్య వంగి వాడి ముఖంలోకి చూసి "ఉప్పు వద్దు!" అనాలి. మళ్ళీ నడక. చివరికి మంచం మీద మెల్లగా దింపుతూ "ధబ్! అయిపోయింది." ఇలా మొదలు, నడుమ, ముగింపు ఎప్పుడూ ఒకేలా ఉండాలి. తర్వాత ఏం వస్తుందో తెలియడం ఆటిజం ఉన్న బిడ్డకు పెద్ద ధైర్యం.

రెండు మూడు రోజులు ఇలా ఆడి, వాడికి వరస బాగా తెలిశాక, అసలు పని మొదలుపెట్టండి. "ఉప్పోయ్..." అని ఆగిపోండి. నడవకండి, మాట్లాడకండి. మనసులో నెమ్మదిగా అయిదు దాకా, కొంతమంది పిల్లలకు పది దాకా లెక్కపెట్టండి. ఎదురుగా ఉన్న తాతయ్య కనుబొమ్మలు ఎగరేసి ఆశగా చూడాలి. ఆ నిశ్శబ్దం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. దాన్ని పూడ్చేయాలన్న ఆత్రం ఆపుకోండి. వాడి మెదడు అప్పుడు పనిచేస్తోంది.

వాడు ఏదో ఒకటి చేస్తాడు. ఒళ్ళు కదిలించి గుర్రాన్ని తోలినట్టు ముందుకు ఊగవచ్చు. "ఉ" అనవచ్చు. తాతయ్య వైపు చూడవచ్చు. మీ భుజం తట్టవచ్చు. ఇందులో ఏది చేసినా అడిగినట్టే లెక్క. ఆ క్షణంలోనే "పద!" అని నడవండి. "ఉప్పు అను, అంటేనే నడుస్తా" అని బేరం పెట్టకండి. ఈ రోజు ఊగడం, వచ్చే వారం చూపు, ఇంకొన్నాళ్ళకు ఒక అక్షరం. ఆ వరస బిడ్డ బిడ్డకూ మారుతుంది. ఏమీ చేయకుండా ముఖం ముడుచుకుంటే మీరే నడిచేయండి, ఆపడం ఎక్కువైందన్నమాట. ఆట ఏడుపుగా మారితే ఆ ఆటే పోతుంది.

ఎత్తుకోవడం ఇష్టపడని బిడ్డకు దోబూచి పెట్టండి. పలచటి తువ్వాలు మీ ముఖం మీద వేసుకుని, వాడు లాగేదాకా ఆగండి. వాడి ముఖం మీద వేయకండి, చాలామంది భయపడతారు.

అడగాల్సిన అవసరం కల్పించండి

బిడ్డ నోరు తెరవకముందే అన్నీ అందించే ఇంట్లో అడగాల్సిన పని వాడికేముంది? ఇష్టమైన బిస్కెట్లు కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించి ఇవ్వండి. తెరవమని మీ చేతికి ఇస్తాడు, "తియ్యి" అంటూ తెరవండి. బుడగలు ఊది, సీసా మూత పెట్టేసి ఆగండి. రెండు చేతుల్లో రెండు పట్టుకుని, పాలా, అరటిపండా అని చూపించండి. చెయ్యి చాచిన వైపుది వెంటనే ఇవ్వండి. ఒకేసారి గ్లాసు నిండా కాకుండా రెండు గుక్కలు పోయండి, ఇంకా కావాలని అడిగే అవకాశం నాలుగుసార్లు వస్తుంది. ఆకలితో, నిద్రతో ఉన్న బిడ్డ మీద మాత్రం ఇవి ప్రయోగించకండి.

మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళే బిడ్డకు వేలు చూపడం నేర్పేది ఇక్కడే. షెల్ఫ్ దగ్గరికి లాక్కెళ్ళాక, వాడి చెయ్యి పట్టి చూపుడు వేలు చాపించి, దాదాపు వస్తువును తాకేలా పెట్టి, "బంతి" అని వెంటనే తీసివ్వండి. రోజులు గడిచేకొద్దీ మీ సాయం తగ్గించండి. కావలసిన దాన్ని చూపించడం ముందు వస్తుంది. "అదిగో విమానం, చూడు" అని ఊరికే పంచుకోవడానికి చూపించడం తర్వాత, కష్టంగా వస్తుంది. దానికోసం మీరే ఎక్కువగా చూపించాలి. బాల్కనీలో పావురం వాలితే వాడి కంటి ఎత్తుకు వంగి, వేలు చాపి, "పావురం!" అని వాడు చూసేదాకా ఆగండి.

మాట ఆలస్యమైన బిడ్డకు ఫొటో కార్డులు, చేతి సైగలు ఇస్తే మాట్లాడటం మానేస్తాడని భయపెడతారు. అలా జరగదు. అడిగే దారి దొరికిన బిడ్డకు చిరాకు తగ్గుతుంది, మాటకు అది అడ్డం రాదు.

ఉత్తుత్తి ఆట

ఖాళీ గ్లాసుతో పాలు తాగినట్టు నటించడం, బొమ్మకు గోరుముద్దలు పెట్టడం లాంటివి ఈ పిల్లలకు వాటంతటవే రాకపోవచ్చు. వాడు వస్తువులతో పదిరకాలుగా ఆడటం మొదలుపెట్టాక, వాడికి బాగా తెలిసిన పనితో మొదలుపెట్టండి. నిజం దువ్వెనతో మీ తల దువ్వి, ఎలుగుబంటి తల దువ్వి, దువ్వెన వాడి చేతికివ్వండి. తొందరపెట్టకండి.

ఇంటి పనులే ఎక్కువ పని చేస్తాయి

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో విడిగా గంటలు దొరకవు. స్నానం, తిండి, బట్టలు మార్చడం ఎలాగూ తప్పవు. చెంబుతో నీళ్ళు పోస్తూ "ఒకటి... రెండు..." అని ఆగి, చూశాక "మూడు!" అని పోయండి. చొక్కా తల మీదుగా తొడుగుతూ "బాబేడీ?" అని, తల బయటికి రాగానే "ఇదిగో!" అనండి. చపాతీ పిండి ఉండ ఒకటి వాడికిచ్చి మీరు నొక్కినట్టు నొక్కనివ్వండి. ఉతికిన బట్టలు బకెట్‌లోంచి ఒక్కొక్కటి అందించమనండి. ఈ పనుల్లో నానమ్మలు మనకంటే చాలా నయం. వాళ్ళకు ఆగడం తెలుసు. ఏం చేస్తున్నామో, ఎందుకో కూర్చోబెట్టి చెబితే ఇంట్లో సగం వాదనలు పోతాయి.

కష్టమైన రోజు

చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం, ఒకే శబ్దం చేయడం తప్పులు కావు. వాడికి సంతోషమైనా ఆందోళనైనా అలా బయటికొస్తుంది. గాయం కానంతవరకు ఆపకండి. కింద పడి దొర్లి ఏడుస్తుంటే అది మొండితనమా, తట్టుకోలేకపోవడమా చూడండి. పెళ్ళి మండపంలో బ్యాండు మేళం మధ్య కూలబడి ఏడ్చే బిడ్డ మొండికేయడం లేదు. అప్పుడు మాటలు, పాఠాలు వద్దు. జనంలోంచి, వెలుతురులోంచి పక్కకు తీసుకెళ్ళి, నిశ్శబ్దంగా దగ్గర కూర్చోండి. గట్టిగా హత్తుకుంటే కుదుటపడే బిడ్డ అయితే హత్తుకోండి. చుట్టాలకు వివరణ తర్వాత ఇవ్వవచ్చు.

మీరు అలిసిపోయిన రోజు ఆట వదిలేయండి. పక్కన పడుకున్నా చాలు.

మీ ఆటను మీరే వీడియో తీసుకోండి

ఇదంతా గాలిలోంచి పుట్టిన సలహా కాదు. అమెరికాలో శాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్ రూపొందించిన ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ ఏడాది వయసు నుంచే పిల్లలకు ఆటలోనే నేర్పే పద్ధతి. 18 నుంచి 30 నెలల వయసున్న 48 మంది పిల్లలతో చేసిన దాని పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. రెండేళ్ళలో, వాళ్ళలో ఈ పద్ధతిలో నేర్చుకున్న పిల్లల మాట, రోజువారీ నైపుణ్యాలు బాగా మెరుగుపడ్డాయి. అయితే అక్కడ శిక్షణ పొందిన థెరపిస్టులు వారానికి ఎన్నో గంటలు పనిచేశారు. తల్లిదండ్రులకు పన్నెండు వారాలు మాత్రమే శిక్షణ ఇచ్చి చూసిన 2012 నాటి పరిశోధనలో, మామూలు సేవలు అందిన పిల్లల కంటే పెద్ద తేడా రాలేదు. కాబట్టి ఇంటి ఆట ఉంది కదా అని థెరపీ మానేయకండి.

మనకు ఇంకా దగ్గరది ఒకటుంది. బ్రిటన్‌లో పాక్ట్ అనే పద్ధతి ఉంది. తల్లి బిడ్డతో ఆడుతుండగా వీడియో తీసి, థెరపిస్ట్ ఆమెతో కలిసి చూసి, బాగా కుదిరిన క్షణాలు చూపిస్తారు. దాన్ని మన గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ, స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలతో చేయించి చూశారు. 2016లో లాన్సెట్ సైకియాట్రీలో ఆ ఫలితాలు వచ్చాయి. తల్లిదండ్రులు బిడ్డకు తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడం కూడా పెరిగింది.

మీరూ చేయవచ్చు. ఫోన్‌ను కుర్చీకి ఆనించి పది నిమిషాల ఆట రికార్డ్ చేయండి. రాత్రి ఇద్దరూ కూర్చుని చూడండి. తప్పులు వెతకకండి. వాడు మీ వైపు చూసిన క్షణం దగ్గర ఆపి, అంతకు ముందు మీరేం చేశారో చూడండి. ఆడుతున్నప్పుడు మీకు కనిపించని చూపులు కనీసం రెండు మూడు దొరుకుతాయి. ఆ చూపులు తెప్పించిన పనే రేపు మళ్ళీ చేయండి.

థెరపీ సెంటర్ దగ్గర అడగాల్సినవి

స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పేది) ఇంటి పక్కనే దొరికినా ముందు ఒకసారి కూర్చుని చూడండి. మిమ్మల్ని లోపలికి రానిస్తారా? ఈ వారం ఇంట్లో ఏం చేయాలో చెబుతారా? బిడ్డ ఏడుస్తుంటే ఏం చేస్తారు? స్పీచ్ థెరపిస్ట్‌కు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా? తలుపు మూసి, అరగంట ఏడిపించి, "అలవాటైపోతుంది" అనే చోటికి పంపకండి.

"ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం" అన్నవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు తీసుకుంటున్నారు. దాన్ని సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు 2022 డిసెంబరులోనే చెప్పింది. ఇల్లు తాకట్టు పెట్టి మరీ దీనికి డబ్బు కట్టే తల్లిదండ్రులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ డబ్బుతో బిడ్డకు ఏళ్ళ తరబడి మంచి థెరపీ ఇప్పించవచ్చు.

కాగితాలు, బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఉంది. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోవడానికి చాలామంది "ముద్ర పడుతుంది" అని వెనకాడతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాకు ఆ సర్టిఫికెట్ కావాలి. దాని కింద లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు, థెరపీతో సహా, వస్తాయి. ఊరికే వదులుకోకండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకు మూడేళ్ళ లోపు బిడ్డకైతే రాష్ట్రం తరఫున ఎర్లీ ఇంటర్వెన్షన్ (సత్వర చికిత్స) ఉంటుంది. దానికి ఆటిజం అని రిపోర్టు ఉండక్కర్లేదు, ఎదుగుదల ఆలస్యం ఉందని మీరే ఫోన్ చేసి అడగవచ్చు, పరీక్ష ఉచితం. మూడేళ్ళు నిండాక బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌కు మారుతుంది. ఆ మార్పు గురించిన మీటింగ్ పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందే జరగాలి, జరగకపోతే మీరే గుర్తుచేయండి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీష్ మాత్రమే మాట్లాడమని ఎవరైనా చెబితే వినక్కర్లేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయి. మీకు ఏ భాషలో నవ్వు, లాలన సహజంగా వస్తాయో ఆ భాషలోనే ఆడండి. థెరపిస్ట్‌కు మీరు వాడే తెలుగు మాటలు, "ఇంకా", "అయిపోయింది", "తియ్యి" లాంటివి, ఒక కాగితం మీద వాళ్ళు పలకగలిగేలా రాసివ్వండి. సెషన్‌లో వాడు "ఇంకా" అంటే వాళ్ళకు అర్థం కావాలి కదా.